మదనపల్లెలో నిలిచిన స్వరం – మార్గరెట్ కజిన్స్

పాఠ్యభాగ నేపథ్యం

పాట నోట పుట్టి, చెవిన పడి, మనసులో నిలుస్తుంది. పాడే గొంతులు మూగవోతే పాట కూడా మరుగున పడుతుంది. ఈ ఆపద నుండి దానిని కాపాడేవి రెండు: శిష్యపరంపర, స్వరలిపి. జర్మనీ స్వరకర్త యోహాన్ సెబాస్టియన్ బాఖ్ (1685–1750) గతించిన తరువాత ఆయన మహాకృతి ‘సెయింట్ మాథ్యూ పాషన్’ను లోకం దాదాపు మరచిపోయింది. వ్రాతప్రతి మిగిలి ఉన్నందువల్లనే 1829లో మెండెల్‌సన్ దానిని బెర్లిన్‌లో మళ్ళీ వినిపించగలిగాడు. మన దక్షిణాదిలో సుబ్బరామ దీక్షితులు 1904లో ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’ని తెలుగు లిపిలో వెలువరించి, ముత్తుస్వామి దీక్షితుల కీర్తనలను స్వరసహితంగా భద్రపరిచారు. మదనపల్లెలో ఒక గీతానికి ఇటువంటి సేవ చేసిన విదుషీమణి మార్గరెట్ కజిన్స్.

పాఠ్యభాగం

మార్గరెట్ 1878లో ఐర్లండ్‌లోని బాయిల్ పట్టణంలో జన్మించారు. డబ్లిన్‌లో సంగీతం అభ్యసించి, 1902లో సంగీతంలో పట్టభద్రురాలయ్యారు. మరుసటి సంవత్సరం కవి జేమ్స్ కజిన్స్‌ను వివాహమాడారు. స్త్రీలకు ఓటుహక్కు కావాలని పోరాడి చెరసాలకు వెళ్ళారు. అనీబిసెంట్ ప్రభావంతో ఆ దంపతులు 1915లో భారతదేశానికి వచ్చారు. అదే సంవత్సరం మదనపల్లెలో బిసెంట్ స్థాపించిన దివ్యజ్ఞాన కళాశాలకు జేమ్స్ తరువాత అధ్యక్షులయ్యారు.

1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ ఠాగూరు దక్షిణదేశ యాత్రలో భాగంగా మదనపల్లెకు వచ్చి, ఆ కళాశాలలో కొన్నాళ్ళు విశ్రమించారు. ఒక సాయంకాలం విద్యార్థులు, అధ్యాపకులు కూడి ఉండగా ‘జనగణమన’ను స్వయంగా పాడి వినిపించారు. 1911 డిసెంబరు 27న కలకత్తా కాంగ్రెసు సభలో తొలిసారి వినిపించిన ఆ గీతం అప్పటికి దక్షిణాది విద్యార్థులకు కొత్తది. భాష తెలియకపోయినా వారు పల్లవిలో గొంతు కలిపారు. ఫిబ్రవరి 28న రవీంద్రులు దానిని ఆంగ్లంలోకి అనువదించి, ‘భారత ప్రభాత గీతం’ అనే అర్థం వచ్చే పేరు పెట్టారు.

అర్థం తెలిసింది. ఇక బాణీ నిలవాలి. కవి వెళ్ళిపోయిన తరువాత ఆ పాటను ఎవరు సరిదిద్దుతారు? బెంగాలులో ఆయన గీతాలకు దినేంద్రనాథ ఠాగూరు స్వరలిపి వ్రాస్తూ ఉన్నా, ఆ లిపి చదవగలిగినవారు ఇక్కడ అరుదు. అందువల్ల మార్గరెట్ కవి గళం నుండి విన్న బాణీని పాశ్చాత్య స్వరలిపిలోకి ఎక్కించారు.

ఈ పని పైకి కనిపించినంత సులభం కాదు. పాశ్చాత్యులు ఐదు గీతలపై చుక్కలు నిలిపి స్వరస్థానాన్నీ, కాలప్రమాణాన్నీ సూచిస్తారు. ‘జనగణమన’లో బిలావల్ రాగచ్ఛాయలు ఉన్నాయని సంగీతజ్ఞులు చెబుతారు. హిందుస్థానీ బిలావల్ మేళానికి, కర్ణాటక శంకరాభరణానికి, పాశ్చాత్యుల మేజర్ స్కేలుకు స్వరస్థానాలు ఒక్కటే. ఈ సామ్యం ఆమెకు మార్గం సుగమం చేసింది. అయితే స్వరం నుండి స్వరానికి జారే సొగసును చుక్కలు పూర్తిగా పట్టుకోలేవు. పియానో మెట్లకు అలవాటుపడిన చెవి, ఎదుటివారి సంగీతాన్ని తన అలవాటులోకి లాగే ప్రమాదం ఉంది. భారతీయ సంగీతాన్ని గౌరవంతో వినడం నేర్చినందువల్లనే మార్గరెట్ ఆ బాధ్యతకు తగినవారయ్యారు. తూర్పు పడమరల సంగీతాలపై 1935లో ఆమె ఒక గ్రంథాన్ని కూడా ప్రకటించారు.

ఆమె సేవ సంగీతానికే పరిమితం కాలేదు. 1917లో భారత మహిళా సంఘ స్థాపనలోను, 1927లో అఖిల భారత మహిళా సభ ఆవిర్భావంలోను ప్రముఖపాత్ర వహించారు. వాక్స్వాతంత్ర్యాన్ని అణచే శాసనాలను నిరసించి 1932లో మళ్ళీ కారాగారవాసం అనుభవించారు. తరువాత పక్షవాతానికి గురయ్యారు. 1954లో మరణించారు.

అంతకు నాలుగేళ్ళ ముందు, 1950 జనవరి 24న, రాజ్యాంగసభ ‘జనగణమన’ను జాతీయగీతంగా ప్రకటించింది. ఐదు చరణాల ఆ గీతంలో మొదటి చరణం మాత్రమే, సుమారు 52 సెకన్లలో, నేడు పాడుతున్నారు. మదనపల్లె, పుంగనూరు, కుప్పం పాఠశాలలలో ఆ పాట పాడే బాలబాలికలలో చాలామందికి దానికీ తమ సీమకూ గల ఈ అనుబంధం తెలియదు. ఆ గీతం రవీంద్రులది. బాణీ కూడా వారిదే. మార్గరెట్ చేసినది శ్రద్ధగా వినడం, విన్నదానిని పదిమందికీ అందేటట్లు వ్రాయడం. తన పేరు వినిపించకపోయినా పాట నిలవాలని కోరుకునే గుణమే సంగీతసేవకు ప్రాణం.

కఠిన పదాలు – అర్థాలు

స్వరలిపి = స్వరాలను వ్రాసే విధానం
విదుషీమణి = గొప్ప పండితురాలు
గళం = కంఠం
సామ్యం = పోలిక
సుగమం = సులభంగా సాగదగినది

ప్రశ్నలు

1. పాటను కాపాడడంలో స్వరలిపి ప్రాధాన్యాన్ని పాఠం ఆధారంగా వివరించండి.
2. ‘జనగణమన’కు మదనపల్లెతో గల సంబంధాన్ని తెలపండి.
3. మార్గరెట్ పని సులభం కాదనడానికి కారణాలేమిటి?