నొప్పి లేదని ఊరుకోవచ్చా?

చిక్కడపల్లి నుంచి 52 ఏళ్ల గృహిణి ప్రశ్న: స్నానం చేస్తుంటే ఎడమ రొమ్ములో గడ్డ తగిలింది. రెండు నెలలైనా నొప్పి లేదు. చూపించుకోవాలా?

జవాబు: చూపించుకోవాలి, ఈ వారంలోనే. రొమ్ము క్యాన్సర్ గడ్డ మొదట్లో చాలామందిలో నొప్పి పుట్టించదు. అందుకే ఇంటి పనుల్లో పడి వాయిదా వేసి, పుండు పడ్డాక వచ్చేవారు ఇప్పటికీ ఉన్నారు. డాక్టర్లను ఎక్కువగా బాధపెట్టేది ఇదే. చంకలో బిళ్లలు తగిలినా, చనుమొన కొత్తగా లోపలికి పోయినా, దాని నుంచి రక్తం కారినా, చర్మం బత్తాయి తొక్కలా గుంటలు పడినా ఆగకూడదు.

గడ్డలన్నీ క్యాన్సర్ కావు, ఎక్కువ శాతం మామూలువే. ఏది ఏదో తేల్చేది డాక్టర్ పరీక్ష, మామోగ్రామ్ లేదా అల్ట్రాసౌండ్, అవసరమైతే సూదితో ముక్క తీసి చేసే బయాప్సీ. సూది గుచ్చితే జబ్బు పాకుతుందన్న భయంతో బయాప్సీ మానుకోకూడదు. ఏ మందు పనిచేస్తుందో చెప్పేది కూడా ఆ ముక్కే. రెడ్‌హిల్స్‌లోని ప్రభుత్వ ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి చిక్కడపల్లికి దూరమేమీ కాదు. ఆరోగ్యశ్రీ పథకంలో క్యాన్సర్ చికిత్స ఉంది.

అశోక్‌నగర్ హాస్టల్‌లో ఉంటూ గ్రూప్స్‌కు చదువుతున్న 24 ఏళ్ల యువతి ప్రశ్న: నెలసరి ముందు రొమ్ములు ముద్దముద్దగా తగులుతాయి. ప్రతి నెలా స్వయంగా పరీక్షించుకోవాలా?

జవాబు: నెలసరి ముందు అలా ఉండటం సహజం, హార్మోన్ల పని అది. చూసుకోవాలంటే నెలసరి మొదలైన వారం, పది రోజులకు చూసుకోవాలి. అద్దం ముందు చేతులెత్తి ఆకారం గమనించాలి. పడుకుని, మూడు వేళ్ల మెత్తని భాగంతో చిన్న సున్నాలు చుడుతూ చంక దాకా తడమాలి.

షాంఘైలో 2,66,000 మందికి పైగా మిల్లు కార్మికురాళ్లపై జరిగిన అధ్యయనంలో స్వీయ పరీక్ష నేర్పినందువల్ల రొమ్ము క్యాన్సర్ మరణాలు తగ్గలేదు. ఫలితాలు 2002లో వచ్చాయి. అందుకే నెలనెలా లెక్కగా చేయడం కన్నా, తన రొమ్ము మామూలుగా ఎలా ఉంటుందో తెలుసుకుని, తేడా కనబడగానే కదలడం ముఖ్యం. అయితే ముంబయిలో టాటా మెమోరియల్ ఆసుపత్రి వారు శిక్షణ పొందిన కార్యకర్తలతో మహిళలకు రెండేళ్లకోసారి రొమ్ము పరీక్ష చేయించారు. 50 దాటినవారిలో మరణాలు దాదాపు 30 శాతం తగ్గాయని 2021లో వెల్లడించారు. 30 దాటాక ఇలాంటి పరీక్ష చేయించుకోవాలి.

రొమ్ము పరీక్షకు సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. హైదరాబాద్‌లో రొమ్ము క్యాన్సర్ గురించి బాహాటంగా మాట్లాడిన సర్జన్ డాక్టర్ పి.రఘురామ్. గైనకాలజిస్టు అయిన తన తల్లి ఉషాలక్ష్మికే ఈ జబ్బు వచ్చాక, ఇంగ్లండ్ నుంచి తిరిగొచ్చి 2007లో ఆమె పేరిట ఫౌండేషన్ పెట్టారు.

నారాయణగూడ పాఠకుడి ప్రశ్న: రొమ్ము క్యాన్సర్ మగవాళ్లకూ వస్తుందా?

జవాబు: వస్తుంది, మొత్తం కేసుల్లో దాదాపు ఒక శాతం. చనుమొన వెనక గట్టి గడ్డ తగిలితే వాళ్లకూ ఇవే పరీక్షలు.