వారాంతపు నీళ్లు చాలవు

హైదరాబాద్ మాదాపూర్‌లో ఐటీ కంపెనీల భవనం సైబర్ టవర్స్ 1998లో మొదలైంది. ఆ చుట్టుపక్కల ఇప్పుడు బతుకంతా వారం లెక్కన నడుస్తోంది. శుక్రవారం దాకా ఆఫీసు, కాల్స్, ట్రాఫిక్. వ్యాయామం, చదువు, అమ్మతో తీరిగ్గా మాట్లాడటం అన్నీ శనివారానికి వాయిదా. కొండాపూర్, గచ్చిబౌలి బాల్కనీల్లో కుండీలకూ ఆ రోజే నీళ్లు. చైనీస్ క్యాబేజీ ఈ పద్ధతికి లొంగదు. అందుకే ఒక్క చలికాలం దాన్ని పెంచి చూడమంటాను.

దాని వేళ్లు పైపైనే ఉంటాయి. ఒకరోజు ఎండగట్టి, మర్నాడు ముంచెత్తితే లోపలి లేత ఆకుల అంచులు మాడతాయి. కాల్షియం అందకపోవడమే కారణం. చాలాసార్లు మట్టిలో అది ఉంటుంది, కానీ నీటితోపాటే ఆకుకు చేరాలి. ఎండా గాలీ తగిలే బయటి ఆకులు ఎక్కువ లాగేసుకుంటాయి, గడ్డ లోపల ముడుచుకున్నవాటికి తక్కువే. పైకి మొక్క నవనవలాడుతూనే ఉంటుంది. కోస్తేగానీ తెలియదు.

మనుషుల్లోనూ ఇలా లోలోపల మాడేవాళ్లున్నారు. డెడ్‌లైన్ తప్పరు, మీటింగులో నవ్వుతూనే ఉంటారు. వాళ్లకు ఏడాదికోసారి విహారయాత్ర చాలదు. రోజూ కాస్త నిద్ర, కాస్త నడక, మనసు విప్పి మాట్లాడే ఒక మనిషి కావాలి.

పట్టుదల ఉంటే ఏదైనా సాధ్యమంటారు. నేను పూర్తిగా ఒప్పుకోను. మన ఎండాకాలంలో ఎంత పట్టుదలగా పెంచినా ఈ గడ్డ సరిగా కట్టదు, పూతకాడ తోసుకొస్తుంది. 15 నుంచి 20 డిగ్రీల చల్లదనం దానికి ఇష్టం. హైదరాబాద్‌లో అక్టోబరు, నవంబరుల్లో విత్తాలి. అదను తెలుసుకోవడం కూడా సామర్థ్యమే.

హైదరాబాద్ శివారు నారపల్లిలో మిద్దె మీద కూరగాయలు పండించి, ఆ అనుభవంతో ‘మిద్దెతోట’ పుస్తకం రాశారు కథకుడు తుమ్మేటి రఘోత్తమరెడ్డి. మీకు అంత మిద్దె లేకపోయినా అడుగు లోతు కుండీ, ఎర్రమట్టి, మాగిన పశువుల ఎరువు చాలు. నారు పీకి నాటితే వేళ్లు అదురుతాయి, కుండీలోనే విత్తి బలమైన మొక్కను ఉంచండి. రోజూ పొద్దున్నే మట్టిలో వేలు పెట్టి తడి చూడండి. ఆకు తిరగేసి చూసి, పురుగు గుడ్లుంటే నలిపేయండి. రకాన్ని బట్టి 60 నుంచి 80 రోజుల్లో కోతకొస్తుంది.

నవంబరులో విత్తితే గడ్డ బిగిసేది సంక్రాంతి వేళకే, ఐటీ కారిడార్ సగం ఖాళీ అయి చాలామంది ఊళ్లకెళ్లే రోజుల్లో. అప్పుడు ఎదురు ఫ్లాట్ తలుపు తట్టండి. లిఫ్టులో తలూపడమే తప్ప ఎన్నడూ మాట్లాడనివాళ్లకు మొక్కను అప్పగించి వెళ్లండి. వచ్చాక కోసి, సగం వాళ్లకివ్వండి. పెసరపప్పు వేసి వండితే కూర చాలా బాగుంటుందని చెప్పండి.