ఫోర్స్ పుష్ కొట్టి సీనియర్ కమిట్లు లేపేశా: గిట్‌లో తిరిగి ఎలా తెచ్చానంటే

శుక్రవారం సాయంత్రం ఆరున్నర. నా ఫీచర్ బ్రాంచ్‌లో పదకొండు కమిట్లు. అందులో నాలుగింటి మెసేజ్‌లు "ఫిక్స్", "మళ్లీ ఫిక్స్" బాపతే. రివ్యూకి పంపేముందు నీట్‌గా ఉంటుందని ఇంటరాక్టివ్ రీబేస్ చేసి మూడు కమిట్లుగా కుదించా. పుష్ చేస్తే రిజెక్ట్ అయింది. రీబేస్ తర్వాత ఇది మామూలే కదా అనుకుని --ఫోర్స్ తగిలించి మళ్లీ కొట్టా. వెళ్లిపోయింది.

పావుగంటకి మా సీనియర్ ఫోన్. "తమ్ముడూ, మధ్యాహ్నం రెండు కమిట్లు పెట్టాను, ఏవి?"

అదే బ్రాంచ్‌లో ఆయన కూడా పని చేస్తున్న సంగతే నాకు తెలీదు. నిజానికి గిట్ నాకు ముందే చెప్పింది. మన దగ్గర ఉన్న హిస్టరీనే మనం మార్చుకున్నప్పుడు రిజెక్ట్ పక్కన "నాన్-ఫాస్ట్-ఫార్వర్డ్" అని వస్తుంది. రిమోట్‌లో మన దగ్గర లేని కమిట్ ఉంటే "ఫెచ్ ఫస్ట్" అని వస్తుంది. నాకు వచ్చింది రెండోది. ఎర్రగా కనిపించిందే తప్ప నేను చదవలేదు.

"పోనీలే, నా లాప్‌టాప్‌లో ఉంటాయిగా" అన్నాడాయన. చూస్తే అక్కడా లేవు! ఫోన్ చేసేముందే ఆయన పుల్ --రీబేస్ కొట్టాడు. ఇది చాలామందికి తెలియని విషయం: ఆ రెండు కమిట్లూ ఒకప్పుడు రిమోట్‌లో ఉన్నవే కాబట్టి, "రిమోట్ వాళ్లే కావాలని తీసేశారు" అని గిట్ అర్థం చేసుకుంటుంది. లోకల్‌లోనూ చప్పుడు లేకుండా వదిలేస్తుంది.

ఇక్కడే కంగారు పడకూడదు. రీబేస్ పాత కమిట్లని మార్చదు, కొత్తవి తయారు చేస్తుంది. బ్రాంచ్ అంటే ఒక కమిట్‌ని చూపించే పేరు మాత్రమే. ఆ పేరు పక్కకి జరిగింది గానీ పాత కమిట్ డిస్క్ మీద అలాగే ఉంది. హెడ్ ఎప్పుడెప్పుడు ఎక్కడుందో రీఫ్లాగ్ రాసిపెట్టుకుంటుంది. డిఫాల్ట్‌గా ఈ ఎంట్రీలు 90 రోజులు ఉంటాయి. ఏ బ్రాంచ్ నుంచీ చేరలేని వాటికైతే 30 రోజులే.

ఆయన లాప్‌టాప్‌లో గిట్ రీఫ్లాగ్ కొట్టాం. పుల్ లైన్ల కింద ఆయన ఆఖరి కమిట్ కనిపించింది. వెంటనే రీసెట్ --హార్డ్ చేయలేదు. అది సేవ్ చేసి కమిట్ చేయని మార్పులని తుడిచేస్తుంది, వాటిని రీఫ్లాగ్ కూడా తేలేదు. బదులుగా ఆ ఎంట్రీ మీద "రెస్క్యూ" అని కొత్త బ్రాంచ్ పెట్టి, రెండు కమిట్లనీ నా కొత్త హిస్టరీ మీదకి చెర్రీ-పిక్ చేశాం. మొత్తం పది నిమిషాలు. కానీ ఆయన "సరిగా లేదు" అని ఫోల్డర్ డిలీట్ చేసి కొత్తగా క్లోన్ చేసి ఉంటే ఈ దారి మూసుకుపోయేది. రీఫ్లాగ్ ఆ మెషీన్‌లోనే ఉంటుంది, క్లోన్‌తో పాటు రాదు.

ఇప్పుడు రీబేస్‌కి ముందు గిట్ బ్రాంచ్ బ్యాకప్ అని కొడతా. అయ్యాక గిట్ డిఫ్ బ్యాకప్. బేస్ మార్చకుండా కమిట్లు కలపడమే చేస్తే అవుట్‌పుట్ ఖాళీగా రావాలి. ఏదైనా కనిపించిందంటే పొరపాటున ఒక లైన్ ఎగిరిపోయినట్టే.

--ఫోర్స్ బదులు --ఫోర్స్-విత్-లీజ్ వాడండి. మనం చివరిసారి చూసినప్పటి నుంచి రిమోట్ మారితే పుష్ ఆగిపోతుంది. ఒక చిక్కు ఉంది: ఎడిటర్ వెనకాల ఆటో ఫెచ్ చేస్తుంటే, మనం చూడకపోయినా "చూశాం" అని లెక్కేస్తుంది. గిట్ 2.30 నుంచి --ఫోర్స్-ఇఫ్-ఇంక్లూడ్స్ ఉంది, దాన్ని కూడా జత చేయండి. నేను రెండూ కలిపి ఒక అలియాస్ పెట్టుకున్నా. మా సీనియర్ మాత్రం ఇప్పటికీ పుష్ చేసేముందు నాకు ఒకసారి మెసేజ్ పెడతాడు.