జానుసంధి – స్నాయు శబ్దార్థ విచారము

సుశ్రుతసంహిత శారీరస్థానమున జానువు కోరసంధిగా పరిగణింపబడినది. ఊరుజంఘల కూడలియందలి జానుమర్మము మూడంగుళముల ప్రమాణము గలది. 44 వైకల్యకర మర్మములలో ఒకటి. దానికి గాయమైనచో ఖంజత్వము, అనగా కుంటితనము, కలుగును.

ఈ సంధిని నిలుపునవి స్నాయువులు. వాడుకలో స్నాయువును నరమనుట కలదు. కాని సుశ్రుతుని యుపమానము వేరర్థమును సూచించుచున్నది. బంధములతో బిగించిన పలకల నావ బరువు మోసినట్లు, స్నాయుబద్ధములైన సంధులచే దేహము భారము వహించునని ఆయన యాశయము. మోకాటిలో అడ్డముగా పెనవైచుకొన్న రెండు బంధములును, ఇరుప్రక్కల రెండును ఈ పనియే చేయును. స్పర్శజ్ఞానమును, కండరములకు చలనప్రేరణను అందించు నరములు వేరు.

ఈ భేదము మార్కాపురం, గిద్దలూరు ప్రాంతములవారికి గ్రంథమాత్రము కాదు. అచ్చటి పెక్కు గ్రామముల భూగర్భజలములలో ఫ్లోరైడు లీటరుకు 1.5 మిల్లీగ్రాముల పరిమితిని మించినది. అట్టి నీటిని ఏండ్లతరబడి త్రాగినవారికి ఎముకలతోపాటు ఈ బంధములును సున్నపుపదార్థము చేరి గట్టిపడును, కీలు మడగదు. 1937లో ఈ యస్థివ్యాధి భారతదేశమున మొదట నాటి నెల్లూరు జిల్లానుండియే వెల్లడింపబడినది.

జానుమర్మప్రకరణము చెప్పినది గాయమువలని ఖంజత్వము; ఇది జలమువలని వైకల్యము. కావున పాఠము చెప్పునపుడు స్నాయువును బంధకమనియే వివరించుట యుచితము. నరమన్నచో విద్యార్థికి శాస్త్రమును తెలియదు, తన యూరి రోగమును తెలియదు.