సేవాక్లబ్బులు – మన పల్లెలు : ఒక పరిశీలన

మానవసేవయే మాధవసేవ అని పరీక్షల్లో ఎన్ని వ్యాసాలు రాశానో లెక్కలేదు. ఆ మాటలోని బరువు మాత్రం మన జిల్లాలో ఒక పల్లెలో జరిగిన కంటి శిబిరంలోనే నాకు తెలిసింది.

ముందు కొంత చరిత్ర. 1905 ఫిబ్రవరి 23న చికాగో నగరంలో పాల్ హారిస్ అనే న్యాయవాది మరి ముగ్గురితో కలిసి రోటరీని ప్రారంభించాడు. వంతులవారీగా ఒక్కొక్కరి ఆఫీసులో కలుసుకునేవారు గనుక ఆ పేరు వచ్చింది. 1917లో అదే నగరంలో మెల్విన్ జోన్స్ పూనికతో లయన్స్ సంస్థ పుట్టింది. అంధత్వంపై పోరాడమని 1925లో హెలెన్ కెల్లర్ లయన్లను కోరింది. లయన్స్ అనగానే మనకు కంటి శిబిరం గుర్తుకు రావడానికి మూలం అదే. రోటరీ 1985లో పోలియో నిర్మూలనకు పూనుకుంది. 2014 మార్చిలో మన దేశానికి పోలియోరహితమనే గుర్తింపు లభించింది. ఇవి చిన్న విజయాలు కావు.

ఇక నిర్మాణం. క్లబ్బు అధ్యక్షుని పదవి సాధారణంగా ఒక్క ఏడాదే. జూలై 1న మొదలై జూన్ 30తో ముగుస్తుంది. అందరికీ అవకాశం రావడం ఇందులోని మంచి. పాతవారు ఎత్తుకున్న పని కొత్తవారికి పట్టకపోవడం ఇందులోని చెడు.

మేము ఎన్.ఎస్.ఎస్. తరఫున బెంచీలు మోసిన శిబిరం జూన్‌లో జరిగింది. ఎందరికో శుక్లాలు తీశారు. ఫోటోలు తీసుకున్నాం, చప్పట్లు కొట్టుకున్నాం. జూలైలో ఏదో పనిమీద మళ్లీ ఆ ఊరు వెళితే ఒక మామ్మ ఎదురైంది.

"ఏటి బాబూ, చుక్కల మందు అయిపోనాది. ఆ బాబులు మల్లీ రానేదు. కొడుకూ కోడలూ కూలికి ఐదరాబాదు ఎల్లిపోనారు. నన్నెవులు తీసుకెల్తారు?"

కన్ను ఎర్రగా వాచి ఉంది. నేనూ, మరో ఇద్దరు మిత్రులూ బస్సెక్కించి పట్నం ఆసుపత్రికి తీసుకెళ్లాం. ఇంకో వారం ఆలస్యమైతే చూపు దక్కేది కాదన్నారు డాక్టరు గారు. తప్పు క్లబ్బుదొక్కటే అనను. ఊళ్లో ఎవరికి ఆపరేషన్ అయిందో ఒక కాగితం మీద రాసుకోవాలని మాకూ తోచలేదు!

నేను గ్రహించింది ఇది: శిబిరం పెట్టిన రోజుతో సేవ పూర్తి కాదు, అక్కడ మొదలవుతుంది. వలసలు ఎక్కువైన శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో ముసలివాళ్లే ఇంటికి కాపలా. వాళ్లను మళ్లీ డాక్టరు దగ్గరకు చేర్చే మనిషి ఊళ్లోనే ఉండాలి. క్లబ్బు సభ్యులు కాని గ్రామస్థులతోనే సేవాదళాలు ఏర్పరచే పద్ధతిని రోటరీ 1986లోనే ప్రవేశపెట్టింది. అధ్యక్షుడు మారినా ఊరు మారదు కదా!

విద్యార్థి మిత్రులారా, మనకు 1969లో పుట్టిన ఎన్.ఎస్.ఎస్. ఉంది; రోటరాక్ట్, లియో క్లబ్బులున్నాయి. ఈసారి శిబిరానికి బ్యానరుతో పాటు ఒక నోటుపుస్తకం కూడా తీసుకెళ్దాం. అందులో పేర్లు రాద్దాం. నెల తిరగకుండా ఆ గుమ్మాలు మళ్లీ తొక్కుదాం.