ఏడు వందలే గాని, ఏ రూపాయలు?

మేడ్చల్

చిరంజీవి చిన్నారికి చిన్నాయన ఆశీస్సులు.

బిడ్డా, నీ ఉత్తరం మీ చిన్నమ్మకు కూడా చదివి వినిపించాను. ముత్తాత వీలునామాలో కొడుకులకు భూములు రాసి, బిడ్డకు, అంటే మా మేనత్తకు, మాత్రం ఏడు వందల రూపాయలతో సరిపెట్టాడని నీకు కోపమొచ్చింది. ఆ ఏడు వందలు ఇప్పటి ధరల్లో ఎంతవుతుందో లెక్క కూడా కట్టావు. కోపం సంగతి తర్వాత, ముందు ఆ లెక్క చూద్దాం.

వీలునామా మీద 1348 అని కనబడగానే హిజ్రీ అనుకొని 1929 అన్నావు. పక్కన నెల పేరు చూడు: తీర్. మొహర్రం, రంజాన్ లాంటి నెలలుంటే హిజ్రీ. ఆజూర్, దై, తీర్, ఆబాన్ ఉంటే ఫసలీ. నిజాం రాజ్యంలో ఫసలీ సంవత్సరం అక్టోబరు మొదట్లో మొదలయ్యేది. అందుకే డిసెంబరు దాకా 590, జనవరి నుంచి 591 కలపాలి. తీర్ అంటే మే ప్రాంతం. కాబట్టి మా తాత, అంటే నీ ముత్తాత, ఇది రాయించింది 1939లో. ఒక్క నెల పేరు వదిలేస్తే పదేళ్లు తేడా వచ్చింది.

ఇక రూపాయి. అప్పుడు మన దగ్గర నడిచింది నిజాం హాలీ సిక్కా, బ్రిటిష్ ఇండియాది కల్దారు. ఏడు హాలీలకు ఆరు కల్దార్లు. అంటే నువ్వు చూసిన ఇండియా ధరల పట్టికకు తాత ఏడు వందలు ఆరు వందలే. పోలీసు చర్యతో హాలీ పోయిందనుకోకు, 1959 దాకా ఇండియా రూపాయితో పాటు చెల్లింది. అందుకే ఆనాటి ఏ కాగితం దొరికినా, ఏ రూపాయో తేలాకే గుణించు.

మరో మెలిక ఉంది. తాత పోయింది 1945లో. మధ్యలో యుద్ధం వచ్చి గింజల ధర రెండింతలు దాటింది. రాసిన నాడు ఆ సొమ్ముకు వచ్చే ధాన్యంలో సగం కూడా మా మేనత్త చేతికి అందిన నాడు రాలేదు. వీలునామాకు ఎప్పుడూ రెండు తేదీలు: రాసింది, అమల్లోకి వచ్చింది.

మీ అత్తగారి ముత్తాత పెద్దకొడుక్కి ఒక్క షిల్లింగే రాశాడని నవ్వుతూ రాశావు కదా. పన్నెండు పెన్నీలు ఒక షిల్లింగు, ఇరవై షిల్లింగులు ఒక పౌను. 1971 దాకా ఇంగ్లండులో అదే లెక్క. వారసుడికి ఒక షిల్లింగైనా రాయకపోతే వీలునామా చెల్లదని అక్కడి జనం నమ్మేవాళ్లు. అది ఉత్త అపోహేనని 18వ శతాబ్దంలోనే బ్లాక్‌స్టన్ అనే న్యాయపండితుడు రాశాడు. అయినా రాసేవాళ్లు రాస్తూనే ఉన్నారు. ఆ షిల్లింగు కోపంతో రాసిందీ కావచ్చు, కొడుకు తన వాటా ముందే తీసుకున్నాడనీ కావచ్చు. అంకె ఒక్కటే చూస్తే ఏదో తేలదు.

మన ఇంట్లో రెండోదే జరిగిందని నా అనుమానం. మా మేనత్త పెళ్లికి శామీర్‌పేట పెద్ద చెరువు కింద తరి భూమి పసుపు కుంకుమ కింద ఇచ్చారని మా అమ్మ అంటుండేది. కాగితం లేదు, నోటిమాటే. మొన్న 1954-55 ఖాస్రా పహాణీ నకలు తీయించాను. ఒక సర్వే నంబరులో పట్టాదారు తాత పేరే, కబ్జాలో మాత్రం మేనత్త పెనిమిటి పేరుంది. ఎకరం ఇరవై గుంటలు. నీ ఏడు వందల పక్కన దీన్ని కూడా పెట్టి చూడు. కొడుకులతో సమానమైందని నేననను. మా నాయనకు వచ్చింది అంతకు మూడింతలు.

1949కి ముందు కాగితాలు వెతికితే మేడ్చల్‌ను అత్రాఫ్-ఎ-బల్దా జిల్లాలో చూడు, నిజాం సొంత ఇలాకా అయిన సర్ఫ్-ఎ-ఖాస్ కింద. రంగారెడ్డి జిల్లా 1978లో, ఇప్పటి జిల్లా 2016లో వచ్చాయి.

పహాణీ నకలు దీంతో పంపుతున్నాను. నువ్వు పంపిన వీలునామా ఫోటోలో రెండో పేజీ చివరి వరుస మడతలో పడింది. అక్కడ మేనత్త పేరు పక్కన ఇంకేదో రాసి ఉంది. మీ నాన్నతో మళ్లీ ఫోటో తీయించి పంపు.

నీ చిన్నాయన