ఫార్మాట్ కొట్టే ముందు ఆగండి: విండోస్‌లోనే ఉన్న డిస్క్ రిపేర్ టూల్స్

గుంటూరు మిర్చి యార్డు దగ్గర కమీషన్ కొట్లలో ఇంకా పాత హార్డ్ డిస్క్ పీసీలే ఎక్కువ కనిపిస్తాయి. ఎండ, దుమ్ము, మధ్యలో కరెంటు కట్. మా బాబాయ్ కొట్లో మొన్న సీజన్‌లో డీ డ్రైవ్ మొరాయించింది. రైతుల పట్టీలు, టిక్కీల లెక్కలు, ఇవ్వాల్సిన బాకీలు అన్నీ అందులోనే. "ఫార్మాట్ కొడితే సరి" అని పక్కవాళ్ల సలహా. ఫార్మాట్ కొడితే డ్రైవ్ వస్తుంది, లెక్కలు పోతాయి!

అక్కడ నేను ఫాలో అయిన ఆర్డర్ ఇదీ.

1. ముందు కాపీ: డ్రైవ్ తెరుచుకుంటుంటే ముఖ్యమైన ఫైల్స్ వేరే డిస్క్‌లోకి తీసేయండి. రిపేర్ టూల్ డిస్క్ మీద రాస్తుంది. చావుబతుకుల్లో ఉన్న డిస్క్ ఆ ఒత్తిడికే పోవచ్చు.

2. డిస్క్ మేనేజ్‌మెంట్: స్టార్ట్ మీద రైట్ క్లిక్ చేస్తే లిస్ట్‌లో ఉంటుంది. డిస్కే కనిపించకపోతే కేబుల్ చూడండి. డ్రైవ్ పక్కన 'రా' అని ఉంటే విండోస్‌కి ఫైల్ సిస్టమ్ అర్థం కావట్లేదని. దాని మీద చెక్‌డిస్క్ పనిచేయదు, రికవరీ సాఫ్ట్‌వేర్ కావాలి. 'ఇనిషియలైజ్' అడిగితే డేటా ఉన్న డిస్క్‌కి ఓకే చెప్పొద్దు.

3. ఎర్రర్ చెకింగ్: డ్రైవ్ మీద రైట్ క్లిక్, ప్రాపర్టీస్, టూల్స్, చెక్. ఇది నడిపేది చెక్‌డిస్క్‌నే. కమాండ్ ప్రాంప్ట్‌లో అడ్మిన్‌గా నడిపితే 'ఎఫ్' స్విచ్ ఫైల్ సిస్టమ్ తప్పుల్ని సరిచేస్తుంది, 'ఆర్' స్విచ్ బ్యాడ్ సెక్టార్లనీ వెతుకుతుంది. పెద్ద డిస్క్‌కి గంటలు పడుతుంది. సీ డ్రైవ్ అయితే రీస్టార్ట్ అయ్యాక నడుస్తుంది.

4. ఆప్టిమైజ్: హార్డ్ డిస్క్‌కి డీఫ్రాగ్, ఎస్‌ఎస్‌డీకి ట్రిమ్. ఏది కావాలో విండోసే చూసుకుంటుంది. ఇది స్పీడ్ కోసమే, రిపేర్ కాదు.

బాబాయ్ డిస్క్‌లో మూడు ఫైల్స్ తప్ప అన్నీ కాపీ అయ్యాయి. ఆ మూడింటి పట్టీలు కాగితం మీద ఉన్నాయి కాబట్టి మళ్లీ ఎక్కించుకున్నారు. చెక్‌డిస్క్ బ్యాడ్ సెక్టార్లు చూపించింది, డిస్క్ మార్చేశాం.

ఎన్‌టీఎఫ్‌ఎస్‌లో జర్నల్ ఉంటుంది కదా, కరెంటు పోతే ఏమవుతుంది అంటారా? అది ఫైల్ సిస్టమ్ నిర్మాణాన్ని కాపాడుతుంది. మీరు సగం టైప్ చేసిన పట్టీని కాదు. దానికి యూపీఎస్ ఉండాలి.

బ్యాడ్ సెక్టార్లు ఒకసారి మొదలైతే ఆ డిస్క్‌ని నమ్మకండి. చెక్‌డిస్క్ వాటిని పక్కన పెడుతుందే గానీ డిస్క్‌ని కొత్తది చేయలేదు. కాబట్టి వారానికోసారి లెక్కల ఫోల్డర్‌ని పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసి, దాన్ని పీసీ నుంచి తీసి వేరే చోట పెట్టండి.